పెరటి తోటకు ఏ బీఫ్‌స్టేక్ టమాటా? పాత రకాల మధ్య పోలిక, ఎంపిక సలహా

విత్తన జాబితాలో బీఫ్‌స్టేక్ టమాటాల, అంటే దట్టమైన కండతో ఉండే పెద్ద కాయల రకాల, పేజీ తెరిచినవారికి మొదట కంటపడేది కాయ బరువు, ఆ తరువాత రంగు, ఆపైన రుచి గురించిన పొగడ్తలు. ఎంపికకు ఈ మూడింటిలో ఏదీ మొదటి ఆధారం కాకూడదు. అరకిలో తూగే కాయ కావాలంటే ముందు పూత నిలిచి పిందె కట్టాలి. పిందె కట్టడం చాలావరకు రాత్రి ఉష్ణోగ్రతల చేతిలో ఉంటుంది. కనుక అటువంటి అనుకూలమైన రాత్రులు మీ తోటకు వరుసగా ఎన్ని వారాలు దొరుకుతాయో లెక్క చూసుకున్న తరువాతనే రకాల పేర్ల జోలికి పోవాలి. రెండవది నేలలో ఉన్న తెగుళ్లు, మూడవది చోటు. రుచి ఆ తరువాత వస్తుంది. రుచిని ఇలా చివరికి నెట్టడం కొందరికి నచ్చకపోవచ్చు గాని, కాపే లేని మొక్కకు రుచి ఎక్కడిది?

ఎయిర్‌లూమ్ అని పిలిచే పాత రకాలన్నీ సూటి రకాలే; కాయలోని గింజ తీసి నాటితే తల్లి మొక్క లక్షణాలే మళ్లీ వస్తాయి. ఎంత పాతదైతే ఆ పేరు పెట్టవచ్చునన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. యాభై ఏళ్లు చాలునని కొందరు, రెండవ ప్రపంచ యుద్ధానికి ముందుది కావాలని కొందరు అంటారు. తోట వేసేవారికి ఈ తగవుతో పని లేదు. వారు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, ఈ రకాల్లో ఎక్కువ భాగం ఇళ్లలో రుచి కోసం ఏరి దాచుకుంటూ వచ్చిన విత్తనాలు. తెగుళ్లను తట్టుకునే శక్తి కోసమో, దూర ప్రయాణానికి ఓర్చుకునే తోలు కోసమో వీటిని పనిగట్టుకుని మెరుగుపరచినవారు లేరు. వీటి మంచీ చెడూ రెండూ అక్కడి నుంచే వచ్చాయి.

ఇక బీఫ్‌స్టేక్ సంగతి. మామూలు టమాటాను అడ్డంగా కోస్తే రెండు మూడు పెద్ద గింజల గదులు, వాటి నిండా జిగురు రసం కనిపిస్తాయి. బీఫ్‌స్టేక్‌ను కోస్తే దట్టమైన కండ మధ్య చిన్న చిన్న గదులు అనేకం చెదురుమదురుగా ఉంటాయి. గదుల సంఖ్యను పెంచిన జన్యు మార్పులే పువ్వు రూపాన్ని కూడా మార్చాయి. మొదటి గెలను దగ్గరగా గమనించండి: ఒక్కోసారి రెండు మూడు పూలు అతుక్కుపోయినట్టు, మామూలుగా ఉండే ఐదారు రేకులకు బదులు పది పన్నెండు రేకులతో, వెడల్పాటి పువ్వొకటి విచ్చుకుంటుంది. దాని నడుమ పుప్పొడిని అందుకునే కీలాగ్రం చుక్కలా కాక గీతలా సాగి ఉంటుంది. తరువాత కాయ అడుగున గోధుమరంగు గీతలు, మడతలు, పుండు మానినట్టుండే మచ్చలు ఏర్పడేది ఆ గీత వెంబడే. పూమొగ్గ దశలో చలి తగిలితే ఈ వంకరలు మరింత ఎక్కువవుతాయి. పోటీలకు పెంచేవారు ఇటువంటి పువ్వు కోసమే కళ్లలో వత్తులు వేసుకుని చూస్తారు, 2020లో 4.896 కిలోలతో ప్రపంచ రికార్డు నెలకొల్పిన కాయ డొమింగో అనే రకానిది. తినడానికి పెంచేవారు మాత్రం మొక్క ఇంకా చిన్నదిగా ఉన్నప్పుడు వచ్చిన అటువంటి తొలి పువ్వును గిల్లివేయడమే మంచిది, ఎందుకంటే ఆ ఒక్క కాయే మొక్క బలాన్నంతా లాగేసుకుని తక్కిన గెలలను ఆలస్యం చేస్తుంది.

రాత్రుల లెక్క

పగలు 21 నుంచి 29 డిగ్రీల సెల్సియస్, రాత్రి 13 నుంచి 21 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు టమాటా పుప్పొడి చక్కగా పనిచేస్తుంది. పగటి వేడి 32 దాటి, రాత్రి కూడా 24 డిగ్రీలకు తగ్గని రోజుల్లో పుప్పొడి సత్తువ కోల్పోతుంది, పూలు కాడ దగ్గర పసుపుబారి రాలిపోతాయి. రాత్రి 13 కంటే దిగినా దాదాపు అదే జరుగుతుంది. చెర్రీ టమాటాలు ఈ హద్దులు కొంత దాటినా కాస్తూనే ఉంటాయి. పెద్ద కాయల రకాలకు ఆ వెసులుబాటు తక్కువ, వాటిలోనూ కొన్నింటికి మరీ తక్కువ.

విత్తన పొట్లం మీద ఉండే రోజుల సంఖ్యను నారు నాటిన రోజు నుంచి లెక్కపెట్టాలి. గింజ వేసి నారు తయారవడానికి అంతకుముందే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పైగా 80 రోజుల రకమంటే నాటిన 80 రోజులకు తొలి కాయ పండుతుందని తప్ప కాపంతా చేతికొస్తుందని అర్థం కాదు. పువ్వు విచ్చుకున్నది మొదలు కాయ పండేవరకు పెద్ద రకాల్లో సుమారు 50 నుంచి 60 రోజులు పడుతుందని వేసుకుంటే, పూత ఏ తేదీల మధ్య నిలవాలో వెనక్కి లెక్కించుకోవచ్చు.

ఈ లెక్క అన్నిచోట్లా ఒకే విధంగా పనిచేయదు. చలి దీర్ఘంగా, వేసవి కురచగా ఉండే చోట అడ్డంకి చివరన వస్తుంది: కాయలు కట్టినా అవి పండకముందే మంచు పడుతుంది. అక్కడ రోజుల సంఖ్యే ప్రధానం. 85 రోజులు దాటిన రకాన్ని ఎంచుకోవడం జూదమే. వేసవి మండిపోయే చోట అడ్డంకి మధ్యలోనే ఎదురవుతుంది: మొక్క ఏపుగా ఉంటుంది, పూస్తుంది, పూత మాత్రం నిలవదు. అటువంటి చోట వేడి ముదరకముందు కనీసం నాలుగైదు వారాల చల్లని రాత్రుల్లో మొక్క పూతలో ఉండేలా నారును ముందుగానే నాటుకోవాలి. ఒకసారి కట్టిన పిందె వేడిలోనూ పెరిగి పండుతుంది. కాకపోతే 30 డిగ్రీలు దాటితే ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా తయారుకాక కాయ నారింజ ఛాయలో ఆగిపోతుంది. రంగు తిరగడం మొదలవగానే అటువంటి కాయను కోసి నీడలో పండబెట్టుకోవాలి. షేడ్‌నెట్ వేయడం, ఉదయం పూట గెలలను వేలితో మెల్లగా తట్టడం వంటివి పూత నిలిచే గడువును కొద్దిగా పొడిగిస్తాయి గాని, తప్పుగా ఎంచుకున్న రకాన్ని గట్టెక్కించవు.

అసలు పోటీ ఈ రెండింటి మధ్యే

బీఫ్‌స్టేక్ రుచికి కొలమానంగా చాలామంది చెప్పే పేరు బ్రాండీవైన్. ఆ పేరుతో నేడు ఎరుపు, పసుపు, నలుపు రకాలు కూడా అమ్ముతున్నారు గాని, ఆ కీర్తి తెచ్చిపెట్టినది గులాబీ రంగు కాయలు కాసే సడత్ వంశం. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో ఒక కుటుంబం తరతరాలుగా పెంచుకున్న ఈ విత్తనం ఒహాయోకు చెందిన బెన్ క్విజెన్‌బెరీ చేతికి వచ్చి, ఆయన ద్వారా 1980లలో సీడ్ సేవర్స్ ఎక్స్ఛేంజ్ సభ్యులకు అందింది. ఆ సంస్థ పాత విత్తనాలను కాపాడి పంచుకోవడానికి 1975లో ఏర్పడింది. అసలు రకమేనా అని తెలుసుకోవడానికి కాయ పండేదాకా ఆగనక్కరలేదు. గులాబీ బ్రాండీవైన్ ఆకు బంగాళదుంప ఆకులా నునుపైన అంచుతో వెడల్పుగా ఉంటుంది. నారుమడిలో మూడో నాలుగో అసలు ఆకు వచ్చేసరికి అంచున రంపపు పళ్లు కనిపిస్తే అది వేరే విత్తనమో, మరో రకంతో కలిసినదో అయి ఉండాలి.

రుచి విషయంలో దానికి వచ్చిన పేరు వట్టిది కాదు. తీపి, పులుపు రెండూ గట్టిగా ఉండి, ఒకదాన్నొకటి మింగేయకుండా నిలుస్తాయి. కండ వెన్నలా మెత్తగా ఉంటుంది. కాయ 350 గ్రాముల నుంచి 700 గ్రాముల దాకా తూగుతుంది. అయితే పండడానికి 80 నుంచి 100 రోజులు తీసుకుంటుంది, వేడికీ చలికీ పూతను తొందరగా రాల్చుకుంటుంది, అంతా అనుకూలించినా కాపు తక్కువే. అనుకూలమైన రాత్రులు పది పన్నెండు వారాల పాటు దొరకని తోటలో దీన్ని ప్రధాన మొక్కగా పెట్టుకోవద్దన్నది నా స్పష్టమైన సలహా.

చెరోకీ పర్పుల్ కథ ఇంకా కొత్తది. 1990లో టెన్నెసీ నుంచి ఉత్తరంతో పాటు వచ్చిన పేరులేని గింజలను పాత టమాటా రకాలు సేకరించే క్రెయిగ్ లెహూలియర్ పెంచి, ఆ విత్తనం చెరోకీ ప్రజల నుంచి వచ్చిందని ఉత్తరంలో ఉన్నందున ఈ పేరు పెట్టి, ఇతరులకు అందించారు. కాయ 250 నుంచి 350 గ్రాములు. నాటిన 75 నుంచి 80 రోజులకే తొలి పండు అందుతుంది. బ్రాండీవైన్‌తో పోలిస్తే పూత నిలుపుకోవడంలో నిలకడ ఎక్కువ, కాపూ ఎక్కువే. రుచిలో తీపి ముందు తెలిసి, వెనక కాస్త పొగ వాసన తగిలినట్టుండే గాఢత ఉంటుంది. బ్రాండీవైన్ రుచి దీనికన్నా ఒక మెట్టు పైన అనేవారు ఉన్నారు. ఒప్పుకున్నా, ఆ ఒక్క మెట్టు కోసం కాపును తగ్గించుకోవడం సబబా అన్నది ప్రశ్న. మొదటిసారి బీఫ్‌స్టేక్ పెంచబోయేవారికి నేను సూచించేది చెరోకీ పర్పులే.

దాని రంగు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే రంగు చూసి రకాలు పోగుచేసేవారు ఇక్కడే మోసపోతారు. బాగా పండిన టమాటా తోలును సన్నగా ఒలిచి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఎర్ర టమాటా తోలు లేత పసుపుగా కనిపిస్తుంది. గులాబీ టమాటా తోలుకు రంగే ఉండదు. లోపలి కండ రెండింటిలోనూ ఎరుపే. పసుపు తోలు కప్పితే ఎరుపుగా, రంగులేని తోలు కప్పితే గులాబీగా కంటికి ఆనుతుంది. చెరోకీ పర్పుల్ పండినా కండలోని ఆకుపచ్చ పూర్తిగా విరగదు; ఆ ఆకుపచ్చ, ఎరుపు కలిసిన రంగుపైన రంగులేని తోలు ఉండటంతో ఊదా ఛాయ వస్తుంది. అదే కండ మీద పసుపు తోలు ఉంటే గోధుమరంగు వస్తుంది. చెరోకీ చాక్లెట్ అటువంటిదే, చెరోకీ పర్పుల్‌లో తోలు రంగు మారగా పుట్టినది. చోటు తక్కువగా ఉన్నవారు రెండింటినీ నాటడంలో అర్థం లేదు.

చెరోకీ పర్పుల్‌కు లోపాలు లేకపోలేదు. తొడిమ చుట్టూ ఆకుపచ్చ మిగిలిపోతుంది కనుక పండిందో లేదో కంటితో తేల్చడం కష్టం. అడుగు భాగం వేలికి మెత్తగా తగిలితే కోసేయాలి. కోసిన తరువాత నిలవ ఉండేది కొద్ది రోజులే.

తక్కిన రకాలు

నల్ల రకాల్లో బ్లాక్ క్రిమ్‌ను చెరోకీ పర్పుల్‌కు పోటీగా చెబుతారు. క్రిమియా నుంచి వచ్చిన ఈ రకం కాయ కొంచెం చిన్నది, కొంచెం ముందుగా పండుతుంది, రుచిలో ఉప్పదనం ఉన్నట్టు తోస్తుంది. వేడిలో పిందె కట్టడంలోనూ తీసిపోదు. కాని వాన పడినా, నీరు ఎక్కువ తక్కువలైనా తొడిమ చుట్టూ వలయాలుగా పగులుతుంది. కాయలు పండే నెలల్లో వానలు కురిసే చోట చెరోకీ పర్పుల్ వైపే మొగ్గాలి. పొడి వేసవి ఉన్నచోట బ్లాక్ క్రిమ్‌కు అవకాశం ఇవ్వవచ్చు.

మార్ట్‌గేజ్ లిఫ్టర్‌ను దాని కథ కోసం కాక కాపు కోసం ఎంచుకోవాలి, కథ కూడా తక్కువదేమీ కాదు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో కార్ల రేడియేటర్లు బాగుచేసే ఎం. సి. బైల్స్ అనే ఆయన, చదువు పెద్దగా లేకపోయినా, పెద్ద కాయల మొక్కలను ఏళ్ల తరబడి కలిపి ఈ రకాన్ని తయారుచేసి, 1940లలో నారు మొక్క ఒక్కొక్కటి ఒక డాలరుకు అమ్మి, ఆరేళ్లలో ఇంటిపై ఉన్న ఆరు వేల డాలర్ల అప్పు తీర్చేశారు. గులాబీ కాయ, గింజలు తక్కువ, బరువు అరకిలో దాకా, గడువు 80 నుంచి 85 రోజులు. రుచి కాస్త సౌమ్యంగా ఉంటుంది. బ్రాండీవైన్ వంటి కాయ కావాలి, అది మాత్రం కాయడం లేదు అనేవారికి ఇదే దారి. ఈ పేరుతో ఒకటికి మించిన వంశాలు అమ్ముడవుతున్నాయి కనుక, బైల్స్ మారుపేరైన రేడియేటర్ చార్లీ అని పొట్లం మీద ఉన్నదాన్ని చూసి తీసుకోవాలి.

పైనాపిల్, బిగ్ రెయిన్‌బో, హిల్‌బిల్లీ వంటి రెండు రంగుల రకాలను కోసిన ముక్కలో పసుపు కండ మధ్య ఎర్రని చారలు పరుచుకుని ఉంటాయి. వీటికన్నా అందమైన టమాటా ముక్క లేదు. అందం తప్ప తక్కిన లెక్కలన్నింటిలో వెనకబడతాయి. 85 నుంచి 95 రోజులు పడుతుంది, కాయ మెత్తనిది, వాన తగిలితే పగులుతుంది, మబ్బు పట్టిన వారాల్లో పండిన కాయ చప్పగా ఉంటుంది. పొడిగా, ఎండగా, దీర్ఘంగా ఉండే వేసవిలో పండిన కాయ మాత్రం పండ్ల తీపికి దగ్గరగా వస్తుంది. నారింజ రంగు కెల్లాగ్స్ బ్రేక్‌ఫాస్ట్ ఈ తరహా తీపిని ఇంకా నమ్మకంగా ఇస్తుంది. కండ ఎక్కువ, గింజ తక్కువ. పసుపు, నారింజ టమాటాల్లో పులుపు తక్కువని చెప్పే మాటను మాత్రం నమ్మి నిలవ పెట్టవద్దు: వాటిలో ఆమ్లం ఎర్రవాటికి దగ్గరగానే ఉండి, తీపి ఎక్కువై దాన్ని కప్పేయడం తరచుగా జరుగుతుంది, మరికొన్నింటిలో ఆమ్లం నిజంగానే తక్కువ. సీసాల్లో నిలవ చేసేటప్పుడు రంగుతో నిమిత్తం లేకుండా నిమ్మరసమో సిట్రిక్ ఆమ్లమో కలపవలసిందే.

ఆంట్ రూబీస్ జర్మన్ గ్రీన్ పండినా ఆకుపచ్చగానే ఉంటుంది. అడుగున తేనె రంగు తిరగడాన్ని బట్టి, మెత్తదనాన్ని బట్టి కోయాలి. ఓపిక ఉన్నవారికి రుచి గొప్పది, పిల్లలు కోసే తోటకు పనికిరాదు. ఇటలీకి చెందిన కోస్టొలూటో జెనొవీజ్ పరిమాణంలో ఈ వర్గానికి అంచున ఉన్నా, వేడిలో పూత నిలుపుకునే పాత రకాల్లో పేరున్నది. లోతైన గాడులున్న ఆ కాయ పుల్లనిది, పచ్చిగా కన్నా వండితే మెరుగు.

నేలలో ఏముందో చూశాకే

ఇంతవరకు చెప్పిన రకాలకు వేటికీ వేర్ల తెగుళ్లపై నమ్మదగిన నిరోధం లేదు. అందువల్ల నిరుడు టమాటా గాని, వంగ, మిరప గాని వేసిన చోటే వేయబోతున్నట్టయితే రకం ఎంచుకునే ముందు పాత మొక్క ఒకదాన్ని పీకి చూడాలి. వేర్ల నిండా జపమాల పూసల్లా బుడిపెలు ఉంటే నులిపురుగులు ఉన్నట్టు. కాండాన్ని మొదలు దగ్గర నిలువుగా చీల్చినప్పుడు తోలు కింద గోధుమరంగు చారలు కనిపిస్తే వడలు తెగులు కలిగించే శిలీంధ్రం ఉండవచ్చు. పచ్చని మొక్క ఒక్కసారిగా వాడిపోయి ఉంటే, కాండం ముక్కను గాజు గ్లాసులోని నిర్మలమైన నీటిలో కదలకుండా వేలాడదీయాలి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటి నుంచి పాలలాంటి సన్నని దార కిందికి జారితే అది బాక్టీరియా వల్ల వచ్చిన వడలు తెగులు.

వీటిలో ఏది కనబడినా ఆ నేలలో పాత రకాన్ని నేరుగా నాటడం దండగ. అప్పుడు మూడు దారులున్నాయి: కొత్త మట్టిమిశ్రమంతో కుండీలో పెంచడం, తట్టుకునే వేరుమూలంపై అంటు కట్టిన నారు తెచ్చుకోవడం, లేదా హైబ్రిడ్‌కు మారడం. అంటు నారులో పైనున్నది చెరోకీ పర్పులే అయినా వేర్లు వేరే మొక్కవి; నాటేటప్పుడు అంటు కట్టిన చోటు మట్టిలో పూడకుండా చూడాలి, పూడితే పై మొక్క సొంత వేర్లు వేసి అంటు ప్రయోజనం పోతుంది. మామూలు టమాటా నారును లోతుగా నాటాలన్న అలవాటు ఇక్కడ ఎదురు తిరుగుతుంది.

హైబ్రిడ్‌ల విషయంలో పాత రకాల అభిమానులు చూపే చిన్నచూపు నాకు సమ్మతం కాదు. కొత్త రకాలను పరీక్షించి ఎంపికచేసే ఆల్ అమెరికా సెలెక్షన్స్ సంస్థ బహుమతిని 1994లో పొందిన బిగ్ బీఫ్ సుమారు 73 రోజులకే కాపుకు వస్తుంది, శిలీంధ్రాల వల్ల వచ్చే రెండు రకాల వడలు తెగుళ్లనూ నులిపురుగులనూ తట్టుకుంటుంది, కాయలు ఒకే తీరుగా వస్తాయి, రుచి సంతలో దొరికే టమాటాకన్నా ఎంతో మేలు. గింజ దాచుకుంటే మరుసటి ఏడు అదే మొక్క రాదన్నదే ప్రధానమైన కొరత. తెల్లదోమ ద్వారా వ్యాపించే ఆకుముడత వైరస్ తీవ్రంగా ఉన్నచోట బిగ్ బీఫ్ కూడా ఆదుకోదు. దానికి నిరోధం ఉన్న హైబ్రిడ్ వేరుగా చూసుకోవాలి, పాత రకమే కావాలంటే నారు దశ నుంచి సన్నని వల కింద పెంచాలి.

చోటు, ఊతం, నీరు

పాత బీఫ్‌స్టేక్‌లు దాదాపు అన్నీ ఎదుగుదల ఆగని రకాలు. రెండు మీటర్లు సునాయాసంగా దాటుతాయి. మొక్కకూ మొక్కకూ 60 నుంచి 90 సెంటీమీటర్ల ఎడం, రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల ఎండ, మనిషెత్తు దాటిన గట్టి ఊతకర్రలు లేదా ఇనుప వలతో చేసిన గూడు అవసరం. అంగళ్లలో దొరికే నడుమెత్తు తీగ గూళ్లు వీటి బరువుకు ఒరిగిపోతాయి. ఒకటి రెండు కాండాలే ఉంచి పిలకలు గిల్లితే కాయలు తక్కువైనా పెద్దవిగా, ముందుగా వస్తాయి. ఎండ తీవ్రంగా ఉన్నచోట మాత్రం కాయలకు నీడనిచ్చే ఆకులను ఉంచాలి, లేకుంటే కాయ భుజం తెల్లగా మాడుతుంది.

కుండీలో పెంచేవారికి 20 లీటర్ల బకెట్ చాలదు. 60 లీటర్లకు తగ్గితే వేసవి మధ్యాహ్నాల్లో మట్టి ఎండడం, సాయంత్రం ముంచెత్తడం అనే చక్రంలో పడి కాయలు పగులుతాయి, అడుగున నల్లబడి కుళ్లుతాయి. ఆ నలుపును చూసి కాల్షియం పోయడానికి పరుగెత్తుతారు గాని, చాలా సందర్భాల్లో మట్టిలో కాల్షియం ఉంటుంది, నీరు నిలకడగా అందనందున అది కాయ చివరిదాకా చేరదు. ఎండుటాకులో గడ్డో మట్టిపై పరచి, నీటి వేళలు తప్పకుండా చూస్తే సగం సమస్య తీరుతుంది. ప్రతిరోజూ నీరు పెట్టే వీలు లేనివారు కుండీలో బీఫ్‌స్టేక్ ఆశ పెట్టుకోకూడదు.

అంత పెద్ద కుండీకి చోటు లేనివారికి మంచి ప్రత్యామ్నాయం ఉంది. క్రెయిగ్ లెహూలియర్, ఆస్ట్రేలియాకు చెందిన పట్రీనా న్యూస్కే స్మాల్ కలిసి 2000ల మధ్యలో ప్రారంభించిన డ్వార్ఫ్ టొమాటో ప్రాజెక్ట్ నుంచి ఎన్నో పొట్టి రకాలు వచ్చాయి. మొక్క మీటరు, మీటరుంపావు ఎత్తులో లావైన కాండంతో నిలుస్తుంది, ముడతలు పడ్డ ముదురాకులు గుబురుగా ఉంటాయి, కాయ మాత్రం పాత రకాల కాయలాగే ఉంటుంది. ఇవి ఎయిర్‌లూమ్‌లు కావు గాని సూటి రకాలే, గింజ దాచుకోవచ్చు. వాటిలో రొజెల్లా పర్పుల్ రుచికి చెరోకీ పర్పుల్‌కు దగ్గరగా ఉంటుంది. 40 లీటర్ల కుండీలో సర్దుకుంటుంది. నేల లేక మేడ మీద పెంచేవారు 60 లీటర్లలో ఇరికించిన బ్రాండీవైన్ కన్నా దీనితోనే ఎక్కువ తింటారు.

ఎన్ని మొక్కలకు ఏవి

ఒక్క మొక్కకే చోటుంటే, నేల శుభ్రంగా ఉంటే, చెరోకీ పర్పుల్. నేలలో తెగులుంటే బిగ్ బీఫ్. మూడింటికి చోటుంటే చెరోకీ పర్పుల్, మార్ట్‌గేజ్ లిఫ్టర్‌లతో పాటు మూడవది బిగ్ బీఫ్ ఉండాలి. పాతవాటికి ఏదైనా అయినా ఇంటికి టమాటా కరువు రాదు. బ్రాండీవైన్‌కు స్థానం నాలుగో మొక్క నుంచి మొదలవుతుంది, అదీ రాత్రులు సౌమ్యంగా ఉండే చోట. వేడి ప్రాంతాల్లో నాలుగో చోటును కోస్టొలూటో జెనొవీజ్‌కు ఇవ్వడం నయం.

రుచిని చివరికి ఉంచాను కనుక దాని గురించి కొంచెం. పాత రకాల కాయ పచ్చిగా ఉన్నప్పుడు తొడిమ చుట్టూ ముదురాకుపచ్చ పట్టీ ఉంటుంది. ఆధునిక వాణిజ్య రకాల్లో ఎక్కువ భాగం కాయంతా ఒకే లేతాకుపచ్చగా ఉండి, ఒకే రీతిన పండేలా ఎంపికైనవి. ఆ గుణాన్ని తెచ్చిన జన్యు మార్పు కాయలో చక్కెర తయారుచేసే ఆకుపచ్చని కణభాగాలైన క్లోరోప్లాస్టుల వృద్ధిని తగ్గించి చక్కెరను కూడా తగ్గిస్తుందని 2012లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. అంగట్లో రకం పేరు తెలియని కాయను చూసినప్పుడు ఆ ఆకుపచ్చ భుజాలు ఉపయోగపడే గుర్తు. అయితే ఆ భుజాలే వేడిలో పసుపుగా, గట్టిగా మిగిలిపోతాయి. తీపికి చెల్లించే మూల్యం అది.

కోత విషయంలో, కాయ మొక్కపైనే పూర్తిగా పండాలన్న పట్టుదల బీఫ్‌స్టేక్‌లకు నష్టం చేస్తుంది. అడుగున రంగు తిరిగిన కాయను కోసి ఇంట్లో నీడన ఉంచితే రుచిలో చెప్పుకోదగ్గ తేడా రాదు, పగుళ్లూ పక్షులూ తప్పుతాయి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు; 12 డిగ్రీల కంటే చల్లగా రోజుల తరబడి ఉంచితే వాసననిచ్చే పదార్థాలు తగ్గిపోతాయి.

విత్తనం దాచుకోదలచినవారు రకాల కూర్పును కూడా దానికి తగ్గట్టు చూసుకోవాలి. టమాటా చాలావరకు స్వపరాగ సంపర్కం చేసుకుంటుంది గాని, పెద్ద పూలలో కీలాగ్రం బయటికి పొడుచుకువచ్చినప్పుడు తేనెటీగలు పక్క రకం పుప్పొడిని తెచ్చే అవకాశం ఉంటుంది. మామూలు ఆకు గల రకాలకు, మొగ్గ విచ్చుకోకముందే గెలకు పలుచని గుడ్డ సంచి కట్టి, పిందె కనబడగానే సంచి తీసి, ఆ కాయకు దారం గుర్తు వేయాలి. పండాక గింజలను వాటి రసంతోనే రెండు మూడు రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టాలి. బ్రాండీవైన్ వంటి బంగాళదుంప ఆకు రకానికి అంత శ్రమ అవసరం లేదు: ఆ ఆకు గుణం అంతర్గతమైనది, అంటే మామూలు ఆకు గుణంతో కలిస్తే పైకి కనిపించనిది కనుక, మామూలు ఆకు రకంతో కలిసిన గింజ నుంచి మొలిచిన మొక్కకు ఆకు అంచున రంపపు పళ్లు వస్తాయి, అటువంటివాటిని నారుమడిలోనే ఏరివేయవచ్చు. చుట్టుపక్కల ఉన్నవి కూడా బంగాళదుంప ఆకు రకాలే అయితే ఆ గుర్తు పనిచేయదు. అప్పుడు దీనికీ సంచి కట్టాలి.